పదిహేను కాదు, ఒకటిన్నర

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, డిగ్రీ చదివే పిల్లలకు సొంతంగా ఒక పేజీ రాయడం రావడం లేదని, దీనంతటికీ సెల్‌ఫోనే కారణమని రాశారు. రావడం లేదన్నది నిజమే. కారణం దగ్గరే నాకు పేచీ. ఫోన్లు లేనప్పుడు కూడా వాళ్లకు రాలేదు. నాకెలా తెలుసంటే, వాళ్లకు వ్యాసాలు అమ్మింది నేనే.

నాది నల్లగొండ. క్లాక్ టవర్ సెంటర్ నుంచి కొంచెం లోపలికి వస్తే ఒక సందులో నా జిరాక్స్ షాపు ఉంటుంది. రెండు మెషిన్లు, ఒక కంప్యూటర్, స్పైరల్ బైండింగ్, లామినేషన్. ఆధార్ కాపీలు, కులం సర్టిఫికెట్లు, డిగ్రీ సీట్ల దోస్త్ అప్లికేషన్లు ఏడాది పొడుగునా ఉండేవే. షాపు కిరాయి వెళ్లేది మాత్రం సెమిస్టర్ పరీక్షల ముందు పది రోజుల్లో. అప్పుడు గెస్ పేపర్ల కోసం పిల్లలు మెట్ల దాకా నిలబడతారు. పది ఇంపార్టెంట్ ప్రశ్నలు, పదికి పది వ్యాసాలు, ఇరవై నాలుగు పేజీలు, పిన్ను కొట్టి నలభై రూపాయలు. పరీక్షలో చూసి రాయడానికి చిట్టి అక్షరాల్లో తీసే మైక్రో జిరాక్స్ మాత్రం తీయను. తీయబడదని బోర్డు కూడా పెట్టాను. (ఒకప్పుడు తీశాను. అందుకే బోర్డు.)

ఈ గెస్ పేపర్లు ఎవరు తయారు చేస్తారని ఒక్క పిల్లవాడు కూడా నన్ను అడగలేదు. ఎవరో రాసింది చూసి ఎవరో టైపు చేస్తారు. దాన్ని చూసి ఇంకెవరో టైపు చేస్తారు. మా సందులో ఆ ఇంకెవరో నేను. నేను చదివింది ఇంటర్.

మొదటి ఏడాది అందరికీ ఉండే ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్‌కి 'నీటి కాలుష్యం' అని ఒక వ్యాసం ఉంటుంది. ఉపోద్ఘాతం, కారణాలు, ప్రభావాలు, నివారణ చర్యలు, ముగింపు. ఇవి సైడ్ హెడింగ్‌లు. పరీక్షలో వీటి కింద స్కెచ్ పెన్నుతో గీత కొడితే మార్కులు పడతాయని పిల్లల నమ్మకం. నమ్మకం వట్టిది కాదు కూడా. మాది నల్లగొండ కాబట్టి 'ప్రభావాలు' కింద, నీళ్లలో ఎక్కువైతే ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ మీద రెండు వాక్యాలు తప్పకుండా ఉంటాయి. అందులో ఒకటి, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు దాటకూడదు అన్నది. నా పేపరులో 15 అని ఉండేది. ఈ అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కిందటి విద్యా సంవత్సరం మా ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీకి ఇంగ్లీషు చెప్పడానికి ఒక గెస్ట్ లెక్చరర్ వచ్చారు. రోజూ హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చి పోయేవారు. మొదటి సంవత్సరం పిల్లలకు మొదటి వారంలోనే ఒక పని ఇచ్చారు. మీకు బాగా తెలిసిన విషయం మీద ఒక పేజీ రాసుకు రండి అన్నారు. ఆ సాయంత్రం నలుగురైదుగురు పోరగాళ్లు నా షాపుకు వచ్చారు. "అన్నా, 'మీకు బాగా తెలిసిన విషయం' మీద మెటీరియల్ ఉందా?"

నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. పదో తరగతి దాకా పదేళ్లు తెలుగు రాసి, ఇంటర్లో రెండేళ్లు రాసి, పర్యావరణం, గ్రంథాలయాలు, వరకట్నం, వార్తాపత్రికల ఉపయోగాలు అన్నీ బట్టీ కొట్టి వచ్చిన వాళ్లు. పది మార్కుల ప్రశ్నకు రాసే జవాబును కూడా వ్యాసరూప ప్రశ్న అనే అంటారు కదా. వ్యాసం అంటే తెలిసిన జవాబును పొడుగ్గా రాయడం అని వాళ్లకు అర్థమయితే తప్పు వాళ్లదా?

ఆ మేడం పద్ధతి నా గిరాకీ వల్లనే నాకు తెలిసింది. తరగతిలో అరవై నాలుగు మంది. నలుగురికో జట్టు. ఎవరి వ్యాసం వాళ్లు రఫ్ రాసుకొని, మూడు జిరాక్సులు తీసి, జట్టులో మిగతా ముగ్గురికి ఇవ్వాలి. వాళ్లు చదివి పక్కన మార్జిన్‌లో నాకు ఇక్కడ అర్థమయింది, ఇక్కడ కాలేదు అని రాయాలి. తర్వాత సెకండ్ రఫ్. అది మేడం చూస్తారు. ఆ తర్వాత ఫెయిర్. కాబట్టి గురువారం సాయంత్రమైతే నా షాపు నిండా రఫ్ కాగితాలే. కాపీకి రెండు రూపాయలు తీసుకునేవాడిని, వీళ్లకు రూపాయే తీసుకున్నాను. చేతిరాత, అందులో కొందరిది పెన్సిల్. నలుపు పెంచితే తప్ప పడదు. ప్రతి కాగితం అద్దం మీద పెట్టి, సరిగ్గా పడిందా అని చూడాలి. చూస్తూ చూస్తూ చదవడం అలవాటయింది.

మొదటి రఫ్‌లు ఎలా ఉన్నాయో చెప్పాలంటే సిగ్గేస్తుంది. సగం నా వాక్యాలే. 'మానవుడు సంఘజీవి.' 'నేటి ఆధునిక యుగంలో.' 'మన దేశం వ్యవసాయాధారిత దేశం.' నేను టైపు చేసిన అచ్చు తప్పులతో సహా నా దగ్గరికే తిరిగొచ్చాయి. కొన్ని చాట్‌జీపీటీతో రాయించినవి. వాటిని గుర్తుపట్టడం నాకిప్పుడు చాలా తేలిక. ఏ వాక్యానికీ వంక పెట్టలేం, ఏ ఊరి మనిషి రాశాడో చెప్పలేం. ఒక విధంగా అది నా గెస్ పేపరుకు తమ్ముడు, కాకపోతే బాగా చదువుకున్న తమ్ముడు. అందుకే సెల్‌ఫోన్ వచ్చి పిల్లలను చెడగొట్టిందంటే నేను ఒప్పుకోను. ఫోన్ చేస్తున్న పని మేం నలభై రూపాయలకు ఎప్పటి నుంచో చేస్తున్నాం.

మేడం ఎర్ర పెన్ను వాడేవారు కాదు. పెన్సిల్‌తో, ప్రతి రఫ్ కిందా ఒకటే ప్రశ్న: 'ఇందులో నీ మాట ఏది?'

దీన్ని వాళ్ల భాషలో థీసిస్ అంటారట. థీసిస్ అంటే పీహెచ్‌డీ వాళ్లు బైండింగ్‌కు తెచ్చే లావు పుస్తకమే అనుకున్నాను ఇన్నాళ్లూ. అది కాదట. వ్యాసం మొత్తం ఏ ఒక్క మాట మీద నిలబడుతుందో ఆ మాట. దానికి ఒక పరీక్ష కూడా చెప్పారు. ఎదుటివాడు కాదనడానికి వీలుండాలి. 'నీటి కాలుష్యం ప్రమాదకరం' అంటే ఎవడు కాదంటాడు? ఎవడూ కాదనని దానికి నాలుగు పేజీలు ఎందుకు?

ఒక పిల్లవాడిది బత్తాయి తోట. నల్లగొండ వైపు బత్తాయి గురించి మీకు చెప్పాల్సిన పనిలేదు. మొదటి రఫ్‌లో 'రైతే రాజు' అని మొదలుపెట్టాడు. మేడం కింద రాశారు: 'మీ నాన్న రాజేనా?' రెండో రఫ్‌లో రాజు పోయాడు, తరుగు వచ్చింది. కాయ తూకం వేశాక టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారి కోసేస్తాడు చూడండి, అది. వాళ్ల నాన్న బీరువాలో దాచుకున్న తూకం చీటీలు నా దగ్గరికే తెచ్చి జిరాక్స్ తీయించి, వ్యాసానికి వెనక పిన్ను కొట్టాడు. జట్టులో హైదరాబాద్‌లో పెరిగిన అమ్మాయి ఒకతె ఉంది. ఆమె మార్జిన్‌లో 'తరుగు అంటే ఏంటి? కూరగాయలు తరగడమా?' అని రాసింది. వాడికి కోపమొచ్చింది. నా ముందే తిట్టుకున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు చూస్తే తరుగు అంటే ఏమిటో అయిదు వాక్యాల్లో, పన్నెండేళ్ల పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నాకు ఆ అయిదు వాక్యాలు ఆ వ్యాసంలో అన్నిటికంటే బాగున్నాయి. చదివేవాళ్లకు ఏం తెలుసో ఏం తెలియదో చూసుకొని రాయాలన్న పాఠం వాడికి మేడం చెప్పలేదు, కూరగాయల పిల్ల చెప్పింది.

అందరూ ఇలా బాగుపడ్డారని అబద్ధం చెప్పను. మూడో వంతు మంది రఫ్‌కీ ఫెయిర్‌కీ మధ్య పెన్ను మాత్రమే మార్చారు. మార్జిన్‌లో 'సూపర్ రా' అని రాసి లవ్ గుర్తు గీసినవాళ్లూ ఉన్నారు. అయినా ఒకసారి రాసిందాన్ని మళ్లీ విప్పి కుట్టొచ్చు అన్న సంగతి వాళ్లకు మొదటిసారి తెలిసింది. బడిలో మనకు తప్పు రాస్తే పదిసార్లు ఇంపోజిషన్ తెలుసు గానీ, ఒకదాన్నే మూడుసార్లు మార్చి రాయడం తెలియదు.

ఇక మర్రిగూడ వైపు నుంచి వచ్చే అమ్మాయి సంగతి. ఈ ఉత్తరం అసలు ఆమె కోసమే రాస్తున్నాను.

ఆమె ఫ్లోరైడ్ మీద రాసింది. మొదటి రఫ్ 'నీరు ప్రాణాధారం' అన్న నా మాటతోనే మొదలయింది. కింద మేడం ప్రశ్న. రెండో రఫ్‌లో ఆమె నాయనమ్మ వచ్చింది. ఆ ముసలామె మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మంచాన్ని తిప్పినట్టు మనిషంతా తిరగాలి. తల పైకెత్తి చెంబుతో నీళ్లు తాగలేదు, చాయ కూడా సాసర్‌లో పోసుకొని వంగి తాగుతుంది. అది చదివినప్పుడు నేను మెషిన్ ఆపేశాను. మా అత్తగారి ఊళ్లోనూ అలాంటి వాళ్లను చూశాను, కానీ సాసర్ సంగతి ఎప్పుడూ గమనించలేదు. నాకయితే అక్కడితో ఫస్ట్ ప్రైజే. మేడం మాత్రం వదల్లేదు. 'నాకు బాధ కలిగింది. ఇప్పుడు నన్ను ఏం ఒప్పుకోమంటావు?' అని రాశారు.

మరో చిక్కు. ఆ పిల్ల రఫ్ తెలుగులో రాసింది. ఆలోచన తెలిసిన భాషలో చేసుకోండి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి దాటించండి అని మేడం ఒప్పుకున్నారు. తీరా దాటించేసరికి మంచమూ సాసరూ ఒడ్డునే ఉండిపోయాయి. 'మా నాయనమ్మకు మెడ నొప్పి ఉంది' అన్నంత మాత్రం మిగిలింది. మళ్లీ తెలుగు రఫ్ పక్కన పెట్టుకొని రాయమన్నారు. ఇంగ్లీషు తప్పులు పోతే పోయాయి, లేకపోతే లేదు, సాసర్ మాత్రం రావాలన్నారట. ఇంగ్లీషు మీడియం చేసేశాం, పని అయిపోయిందనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

మూడోసారి రాయడానికి ఆమెకు అంకెలు కావలసి వచ్చాయి. ఒకరోజు షాపుకు వచ్చింది. చేతిలో నా గెస్ పేపరు, ఇంకో చేతిలో ఎప్పుడో వాళ్ల ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించినప్పుడు ఇచ్చిన చీటీ.

"అంకుల్, ఈ పదిహేను ఏడిది?"

"పేపర్ల ఉన్నది కదమ్మా."

"పేపర్లకు ఏడికెళ్లి వచ్చింది?"

నేను జవాబు చెప్పలేదు. ఆమె చీటీ చూపించింది. "మా బోర్ల నాలుగు చిల్లర అని ఉంది. మీ పేపరు లెక్కన పదిహేను దాకా తాగొచ్చు. అట్లయితే మా నాయనమ్మకు ఏమైనట్టు?"

అప్పుడు కంప్యూటర్‌లో వెతికి చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణాల్లో అయితే 1 మించకుండా ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. టైపు చేసేటప్పుడు నా చేతిలో చుక్క జారిపోయింది. ఏడాదికి మూడు నాలుగు వందల కాపీల చొప్పున మూడేళ్లు అమ్మాను. నల్లగొండ పిల్లలకు, నల్లగొండ ఊళ్లో, ఫ్లోరైడ్ గురించి పది రెట్లు తప్పు చెప్పాను. కొన్న వాళ్లలో ఎన్ని ఇళ్లల్లో మెడ తిరగని ముసలివాళ్లు ఉండి ఉంటారు? ఒక్కరు కూడా ఆ అంకెను తమ ఇంటి పక్కన పెట్టి చూడలేదు. పెట్టి చూడాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అది పరీక్షలో దించాల్సిన అంకె, అంతే.

మర్నాడే గోడకు కాగితం అంటించాను: 'నీటి కాలుష్యం, మూడో పేజీ: 15 కాదు, 1.5 అని చదువుకోగలరు.' ఒక పిల్లవాడు అది చదివి "అన్నా, ఇది ఇంపార్టెంటా?" అని అడిగాడు.

ఆ అమ్మాయి ఫెయిర్ కాపీ నా దగ్గర ఒకటి ఉంది, ఆమెను అడిగే ఉంచుకున్నాను. అందులో ఆమె మాట ఇది. నీళ్లు మారాయి కాబట్టి ఫ్లోరైడ్ సమస్య తీరిపోయిందనడం తప్పు. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మంచిదే, తన తమ్ముడి పళ్లకు గార లేదు. కానీ వంగిన ఎముక నీళ్లు మారితే తిన్నగా కాదు. నాయనమ్మకు కావలసింది నల్లా ఒక్కటే కాదు. దీన్ని కాదనేవాళ్లు ఉంటారు. ఉంటారని ఆమెకు తెలుసు, వాళ్లకు జవాబుగా ఒక పేరా రాసింది కూడా. ఇంకో సంగతి కూడా వెతికి పట్టింది. పటిక, సున్నం కలిపి, నీళ్లను తేరనిచ్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారు చేసింది. దాని పేరు నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే తెలుసు. ఇదే ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఆ రోజు దాకా తెలియదు. మీకు తెలిసే ఉంటుంది, పత్రిక వాళ్లు కదా.

ఒక సాయంత్రం మేడం సొంత కాగితాలు తీయించుకోవడానికి వచ్చినప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది, జిరాక్స్ నడవదు. అరగంట కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. ఇంగ్లీషులో వ్యాసానికి వాడే 'ఎస్సే' అన్న మాట ఫ్రెంచి నుంచి వచ్చిందట, ప్రయత్నించి చూడడం అని అర్థమట. మాంటేన్ అనే ఆయన 1580లో తన రాతలకు ఆ పేరు పెట్టుకున్నాడు. మన 'వ్యాసం' సంస్కృతం నుంచి వచ్చింది, విడదీసి విస్తరించి చెప్పడం. దానికి ఎదురు మాట సమాసం, కుదించి చెప్పడం. సమాసాలు నాకు బడిలో చచ్చినా వచ్చేవి కావు, వాటికీ వ్యాసానికీ చుట్టరికం ఉందని ఇప్పుడు తెలిసింది. మన పిల్లలకు విస్తరించడం బాగా వచ్చు, నాలుగు పేజీలంటే నాలుగు పేజీలు విస్తరిస్తారు. ప్రయత్నించి చూడడమే ఎవరూ చేయించలేదు. అమెరికాలో చాలా కాలేజీల్లో ఏ సబ్జెక్టు తీసుకున్నా సరే, మొదటి ఏడాది ఇలా రాయడం నేర్పే కోర్సు ఒకటి చదవాలట. హార్వర్డ్‌లో అది 1880లలోనే మొదలయిందట. అక్కడ కూడా పిల్లలకు రాయడం రావడం లేదని పెద్దవాళ్లు గోల పెట్టబట్టే మొదలయిందని ఆమె నవ్వారు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు కదా.

ఇప్పుడు లెక్క చెప్తాను, లెక్క నాకు వచ్చు. అరవై నాలుగు మంది, ఒక్కో వ్యాసం మూడుసార్లు. నూట తొంభై రెండు కాగితాలు. ఒక్కోదానికి పది నిమిషాలు అనుకున్నా ముప్పై రెండు గంటలు. ఇది ఒక్క వ్యాసానికి. గెస్ట్ లెక్చరర్లకు డబ్బులు పీరియడ్ లెక్కన ఇస్తారు. తరగతిలో నిలబడి చెప్తే పీరియడ్. బస్సులో ఒళ్లో పెట్టుకొని పెన్సిల్‌తో దిద్దితే అది పీరియడ్ కాదు. మొదటి రఫ్‌లు జట్టులో వాళ్లనే చూసుకోమని చెప్పినా, ఆమె అవి కూడా చదివేవారు. సెమిస్టర్‌కు నాలుగు వ్యాసాలు రాయిస్తానని మొదలుపెట్టి రెండింటి దగ్గర ఆగిపోయారు. సిలబస్ పూర్తి కాలేదని పైనుంచి మాట వచ్చిందని పిల్లలు అన్నారు. అసలు ఆ సిలబస్‌లో పేరాగ్రాఫ్ రాయడం, వ్యాసం రాయడం ఒక పాఠంగా ఉన్నాయి. నేనే జిరాక్స్ తీశాను, చూశాను. పాఠం చెప్పి మోడల్ వ్యాసం డిక్టేట్ చేస్తే అయిపోయినట్టే లెక్క. ఈత గురించి నోట్సు ఇచ్చినట్టు.

పరీక్షల్లో నీటి కాలుష్యం రానే వచ్చింది, ఎన్విరాన్‌మెంటల్‌లో. ఆ అమ్మాయి 1.5 అని రాసింది. గోడ మీద కాగితం చదవని ఒక పిల్లవాడు మెమో ప్రింటు తీయించుకోవడానికి వచ్చి, "నేను మీ పాత పదిహేనే రాసిన అన్నా" అన్నాడు. ఇద్దరి మెమోలూ నా ప్రింటర్‌లోంచే వచ్చాయి. ఆ పేపరులో ఇద్దరికీ మార్కులు ఒకటే.

ఈ ఏడు ఆ మేడం రాలేదు. గెస్ట్ వాళ్లను మళ్లీ తీసుకోవడం ఆలస్యమయిందని కొందరు, హైదరాబాద్‌లోనే ఎక్కడో దొరికిందని కొందరు చెప్పారు. గురువారాలు షాపు ఖాళీ. గెస్ పేపర్లకు గిరాకీ మళ్లీ వచ్చింది. వ్యాపారిగా నాకు నష్టమేమీ లేదు. రూపాయికి రఫ్ తీసే కంటే నలభై రూపాయల కట్ట అమ్మడమే లాభం. అందుకే నేను చెప్తే నమ్మొచ్చు.

సిలబస్ కమిటీల్లో కూర్చునే పెద్దలు మీ పత్రిక చదువుతారని తెలుసు. వాళ్లను అడిగేది ఒకటే. డిగ్రీ మొదటి ఏడాదిలో ప్రతి పిల్లవాడూ కనీసం ఒక్క వ్యాసం, ఒకే ఒక్కటి, మూడుసార్లు రాసేలా చేయండి. ఇంటర్నల్ మార్కులు ఎలాగూ ఉన్నాయి, అందులో కొన్ని ఫెయిర్ కాపీకి కాకుండా రఫ్‌కూ ఫెయిర్‌కూ మధ్య ఏం మారిందో దానికి ఇవ్వండి. నా గెస్ పేపరు నుంచి ఫెయిర్ దించుకోవచ్చు గానీ మూడు రఫ్‌లు దించుకోలేరు. ఎలా అమ్మాలో ఆలోచించి చూశాను, నాకే దారి దొరకలేదు. రఫ్ తెలుగులో రాసినా ఒప్పుకోండి, యాసంగి, కైకిలి, తరుగు అని మా వైపు మాటలు రాసినా ఒప్పుకోండి. ఆ కాగితాలు చదివే గంటలను పీరియడ్లుగా లెక్కకట్టండి. ఇది జరగకపోతే మిగతాది ఏం చేసినా లాభం లేదు, ఎందుకంటే ఊరికే నూట తొంభై రెండు కాగితాలు చదివే మనిషి ప్రతి ఏడూ హైదరాబాద్ బస్సు దిగదు.

ఈ ఉత్తరం నాలుగో రఫ్. మొదటిదాంట్లో 'నేటి ఆధునిక యుగంలో విద్య యొక్క ప్రాముఖ్యత' అని మొదలుపెట్టాను. మా ఇంటామె చదివి "ఇది ఎవరి ఉత్తరం?" అంది. రెండోదాంట్లో ఆ రిటైర్డ్ సారును బాగా తిట్టాను. అప్పుడు మేడం తరగతిలో చెప్పారని పిల్లలు చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి తిట్లతో జవాబు చెప్పలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. నా దగ్గర 354 లేవు. ఒక తూకం చీటీ, ఒక సాసర్, ఒక చుక్క ఉన్నాయి. కాబట్టి తిట్లు కొట్టేశాను. ఆ సారు మా షాపుకు వస్తే చాయ తాగిస్తాను, ఆ పిల్ల వ్యాసం కూడా చదివిస్తాను. మూడో రఫ్‌లో ఏం తప్పుందో చెప్పను, అది మా ఇంటి విషయం.

నా పేరు వేయకండి. గెస్ పేపర్ల సంగతి బయటపడితే మా సందులో మిగతా షాపుల వాళ్లు నాతో మాట్లాడరు. ఉత్తరం పొడుగయిందని తెలుసు, మీరు ఎక్కడ కుదించినా నాకు అభ్యంతరం లేదు. కరెంటు పోయిన రోజు ముచ్చట తీసేయండి, బత్తాయి తీసేసినా సరే. కంపోజింగ్‌లో మాత్రం ఒకటికీ అయిదుకూ మధ్య చుక్క పడిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
నల్లగొండ